పాటకు ఊరూ పేరూ ఉండాలి

పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా పాట చేసి జనంలోకి వదిలేవారిని ఇప్పుడు ఇండిపెండెంట్ కళాకారులు అంటున్నారు. మనకిది కొత్త సంగతి కాదు. ప్రధానులు, తోటీలు కిక్రి వాయిస్తూ గోండుల కథలు తరతరాలుగా పాడారు. కోయ డోలీలు పడిగె విప్పి, డోలి కొడుతూ వేల్పుల కథలు చెప్పారు. విన్న ఇళ్లే వారిని పోషించాయి.

తర్వాత సంతలో సెల్ షాపువాళ్లు మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చారు. ఇప్పుడు మన పిల్లలే గోండి, కోయ పాటలు పాడి, ఫోనుతో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఎవరినీ బతిమాలే పని లేదు. ఇది మంచి మార్పే.

అయితే ఆ వీడియోలను వరసగా చూస్తే ఒక లోటు కనిపిస్తుంది. ఆడినవారి పేరు, కెమెరా పట్టినవారి పేరు, ఛానల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పాట ఎవరి నోట విని నేర్చుకున్నారో ఉండదు. 'ఆదివాసీ పాట' అని ఉంటుంది, అంతే. అది పెండ్లి పాటో, పండుగ పాటో తెలియదు. డీజే దరువులో మాటలు వినపడవు. మా బడి పిల్లలు అలాంటి పాటకు గంతులేస్తుంటే ఎవరిదని అడిగాం. "డీజే పాట సార్" అన్నారు. అది వాళ్ల అమ్మమ్మలు నాట్లప్పుడు పాడే పాట.

ఇది చిన్న తప్పు కాదు. ప్రదర్శించినవారు తమ పేరు చెప్పాలని కోరే హక్కు 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చింది. పేరే రాయని పాటకు ఆ హక్కు ఎవరు అడుగుతారు? పైగా మన రికార్డింగుతో చేసిన రీమిక్సును ఇంకొకరు తమదని నమోదు చేస్తే, యూట్యూబ్‌లో పోలిక పట్టే ఏర్పాటు మన అసలు వీడియోకే అడ్డు చెప్పగలదు.

సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ రావడంతో కోయ డోలి పేరు నలుగురికీ తెలిసింది. 2024లో ఆయన పోయారు. ఏ పురస్కారమూ అందని పెద్దలు ఊరూరా ఉన్నారు. వాళ్ల పాట మన ఫోన్లలో ఉంది, పేరు లేదు.

మేము కోరేది కొంచెమే. పాట కింద పాడినవారి పేరు, ఊరు, భాష, సందర్భం రాయండి. డబ్బు వస్తే వాళ్లకు వాటా ఇవ్వండి. వేల్పుల పాటలను పెద్దలు ఒప్పుకుంటేనే పెట్టండి. మా బడిలో ఈ ఏడు ఒక నోటుబుక్కు పెట్టాం. పిల్లలు మొదట తమ అమ్మమ్మల పేర్లు రాశారు.