కాండీ కుక్కకి ఎవరు తోడు వెళ్లారు?

బీటెక్ రెండో ఏడులో, హాస్టల్ రూములో సీనియర్ ఎవరో వదిలేసి పోయిన పుస్తకాల మధ్య దొరికింది నాకు స్టైన్‌బెక్ 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. చిన్న పుస్తకం. ఒక్క రాత్రిలో చదివేసి, చివర్లో లెనీ కోసం ఏడ్చి, స్నేహం గురించి ఇంతకంటే మంచి నవల లేదని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. పోయిన నెల మళ్లీ చదివాను. ఈసారి ఏడుపు చివరిదాకా ఆగలేదు. నవల సగానికి రాకముందే, కాండీ ముసలి కుక్క దగ్గరే, పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడాల్సొచ్చింది.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. 1930ల ఆర్థిక మాంద్యం. కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ. స్టైన్‌బెక్ పుట్టిన ఊరు అదే, కుర్రతనంలో అక్కడి పొలాల్లో పని కూడా చేశాడు. జార్జ్ పొట్టివాడు, చురుకైనవాడు. లెనీ కొండంత మనిషి, పసివాడి బుద్ధి. ఇద్దరూ పని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతుంటారు. ఎప్పటికైనా కాస్త నేల కొనుక్కోవాలని, అందులో కుందేళ్లని పెంచుకోవాలని కల. వాళ్లు చేరిన పొలం సోలెడాడ్ అనే ఊరి దగ్గర. స్పానిష్‌లో ఆ మాటకి ఒంటరితనం అని అర్థం. అది స్టైన్‌బెక్ కల్పించిన పేరు కాదు, నిజంగానే ఉన్న ఊరు.

నవల మొదటి కొన్ని పేజీల్లోనే లెనీ మూడు జంతువులవుతాడు. నడక ఎలుగుబంటిది. మడుగులో మూతి పెట్టి నీళ్లు తాగడం గుర్రానిది. జేబులో దాచుకున్న చచ్చిన ఎలకని జార్జ్ ఇచ్చెయ్యమన్నప్పుడు, యజమానికి బంతి తెచ్చివ్వడం ఇష్టం లేని టెరియర్ కుక్కలా మెల్లగా దగ్గరికొస్తాడు. మొదటిసారి ఇవన్నీ నేను గమనించకుండా దాటేశాను. మనకీ అలవాటైన మాటలేగా! దున్నపోతులా పెరిగాడంటాం, గొడ్డు చాకిరీ అంటాం. రోజూ వాడే మాటల్లో జంతువు ఉందని ఎవరికి గుర్తుంటుంది?

కానీ ఆ మూడూ ఒకే రకం పోలికలు కావు. ఎలుగుబంటి, గుర్రం లెనీ ఒంటి గురించి చెప్తాయి. టెరియర్ మాత్రం ఇద్దరి మధ్య ఉన్న సంబంధం గురించి చెప్తుంది. ఇవ్వడం ఇష్టం లేదు, ఇవ్వకుండా ఉండలేడు. అది భయం ఒక్కటే కాదు. పెంపుడు కుక్కతో బతికినవాళ్లకి ఆ నడక తెలుసు, ఒక్కో అడుగూ బేరమాడుతూ రావడం.

గైడ్లలో ఈ జంతువులన్నిటికీ ఒకటే ముద్ర: రాబోయేదానికి సూచన. ఎలక చచ్చింది, స్లిమ్ కుక్క ఈనిన తొమ్మిది పిల్లల్లో నాలుగింటిని నీళ్లలో ముంచేశారు, కాండీ కుక్కని కాల్చేశారు, లెనీ చేతుల్లో కుక్కపిల్ల పోయింది, తర్వాత కర్లీ భార్య, ఆఖరికి లెనీ. వరస సరిగ్గానే ఉంది. పరీక్షలో మార్కులూ వస్తాయి. అయితే సూచన అనేసరికి ముందు చచ్చినవన్నీ తర్వాత చావబోయేవాడి కోసమే ఉన్నట్టు అయిపోతుంది. కాండీ కుక్క అలా లేదు. అది నిజంగా ఒక కుక్క. కంపు కొడుతుంది, కళ్లు కనపడవు, కీళ్లు పట్టేశాయి, పళ్లు లేవు. ఒకప్పుడు గొర్రెల్ని కాయడంలో దానంతటి కుక్క లేదు.

ఆ ఘట్టాన్ని స్టైన్‌బెక్ ఎంత తాపీగా రాశాడో చూడండి. కూలీలు పడుకునే గది. కార్ల్‌సన్ వాసన గురించి మొదలుపెడతాడు. వాడు దుర్మార్గుడేం కాదు, వాడు చెప్పేదంతా సబబుగానే ఉంటుంది, అదే కష్టం. దానికి బతుకు నరకం, నీకూ దానివల్ల ఉపయోగం లేదు అంటాడు. ఒక చెయ్యి పోగొట్టుకుని గదులు ఊడ్చే పనిలో మిగిలిన కాండీ, పిల్లగా ఉన్నప్పట్నుంచీ నా దగ్గరే ఉంది అంటాడు. ఎవరైనా అడ్డుపడతారేమోనని ఒక్కొక్కరి మొహమే చూస్తాడు. అందరూ మాటకి విలువిచ్చే స్లిమ్ కూడా కార్ల్‌సన్‌తోనే ఏకీభవిస్తాడు. తను ముసలివాడై అవిటివాడైతే తననీ ఎవరైనా కాల్చేస్తే బాగుండునంటాడు. అదీ ఎవరి ముందు? ఒంటిచేతి ముసలాడి ముందు! తల వెనక ఎక్కడ గురిపెడితే నొప్పి తెలియదో కార్ల్‌సన్ చూపిస్తాడు కూడా. చివరికి కాండీ, సరే తీసుకెళ్లు అంటాడు. కుక్క వైపు చూడడు.

ఆ తర్వాత తుపాకి మోగేదాకా ఉన్న నిశ్శబ్దమే నాకు ఈ నవలలో అన్నిటికంటే గొప్ప చోటు. ఎవడో ఏదో మాట ఎత్తుతాడు, అది నడవదు. జార్జ్ పేకముక్కలు కలుపుతుంటాడు. నేల కింద ఏదో కొరుకుతున్న చప్పుడు. అందరూ దాని గురించి మాట్లాడ్డానికి ఆత్రపడతారు. కాండీ పైకప్పు చూస్తూ పడుకునుంటాడు. తుపాకి మోగాక మెల్లగా గోడవైపు తిరుగుతాడు. అంతే.

ఇక్కడే నేను పుస్తకం మూసింది. మా బ్రౌనీ పోయి ఏడాది కాలేదు. పదమూడేళ్లున్నాడు ఇంట్లో. కిడ్నీలు పాడయ్యాయి, ఇంజెక్షన్ ఇచ్చెయ్యడం మంచిదన్నాడు డాక్టరు. ఆ మాట నాన్నకి చెప్పిందీ, ఒప్పించిందీ నేనే. కార్ల్‌సన్ చెప్పిన కారణాలే చెప్పాను, కాకపోతే కాస్త మర్యాదగా. బిల్లు కట్టాను. లోపలికి మాత్రం నాన్న ఒక్కడే వెళ్లాడు. నేను బయట ఆఫీసు కాల్ ఉందని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. కాల్ లేదు.

తర్వాత ఎప్పుడో కాండీ జార్జ్‌తో అంటాడు, ఆ కుక్కని నేనే కాల్చుకుని ఉండాల్సింది, పరాయివాడి చేతిలో పెట్టకుండా ఉండాల్సింది అని. హాస్టల్లో చదివినప్పుడు ఆ మాట నాకు కనపడనే లేదు. ఇప్పుడు దాన్ని దాటలేకపోయాను.

కానీ, నాకు నవలతో పేచీ కూడా అక్కడే మొదలైంది. చివర్లో జార్జ్ అదే తుపాకితో, తల వెనక అదే చోట లెనీని కాలుస్తాడు. కాండీ మాట మనలో ముందే పడి ఉంది కాబట్టి, ఇది పరాయివాడి చేతిలో పెట్టకపోవడం, ఇది ప్రేమ అని మనం తలూపేస్తాం. నేనూ ఊపాను. లెనీని నవల పొడుగునా ఎలుగుబంటి అనీ, టెరియర్ అనీ, చేతుల్ని పంజాలనీ అనకపోయి ఉంటే ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లమా? బ్రౌనీని అడగడం కుదరదు కాబట్టి వాడి తరఫున మేం నిర్ణయించాం. లెనీకి మాటలొచ్చు. మొదటి రాత్రే, నేనక్కర్లేకపోతే చెప్పు, కొండల్లోకి పోయి ఏ గుహలోనో ఉంటానంటాడు. జార్జ్ మెత్తబడటం చూసి, తనదే పైచెయ్యి అయిందని పసిగట్టి, కుందేళ్ల కథ మళ్లీ చెప్పించుకుంటాడు. అలిగి సాధించుకోవడం స్నేహితుల మధ్య మాత్రమే ఉండే విద్య. ఆ క్షణాన లెనీ ఏ జంతువూ కాదు.

ఈ పేచీ పుస్తకం లోపలే ఉండిపోయేది కాదు. 2004లో టెక్సస్ రాష్ట్రపు కోర్టు ఒకటి, మేధో వైకల్యం ఉన్నవాళ్లలో ఎవరిని మరణశిక్షనుంచి మినహాయించాలో చర్చిస్తూ లెనీని ఉదాహరణగా తీసుకుంది. లెనీ లాంటివాడైతే టెక్సస్ ప్రజలు మినహాయింపుకి ఒప్పుకుంటారని. 2012లో మార్విన్ విల్సన్ అనే అతనికి అక్కడ శిక్ష అమలైనప్పుడు, తన తండ్రి సృష్టించిన పాత్రని ఇలా కొలబద్దగా వాడటం మీద స్టైన్‌బెక్ కొడుకు థామస్ బహిరంగంగా మండిపడ్డాడు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొలమానాన్ని కొట్టేసింది. అంటే పదమూడేళ్లపాటు, నిజం మనుషుల ప్రాణాలు ఒక నవలలోని మనిషితో పోలిక మీద నడిచాయి.

స్టైన్‌బెక్ పక్షాన ఒక మాట చెప్పాలి. నవల నడిచేకొద్దీ జంతువు మాట రచయిత నోటినుంచి ఆ లోకం నోట్లోకి జారుతుంది. గుర్రం తన్ని నడుం వంగిపోయిన క్రుక్స్, నల్లవాడైనందుకు గుర్రాల సామాన్ల గదిలో విడిగా బతికేవాడు, జార్జ్ రాకపోతే నిన్ను పిచ్చాసుపత్రిలో వేసి కుక్కలా పట్టీ కడతారని లెనీని బెదిరిస్తాడు. చివర్లో స్లిమ్, పట్టుకుంటే బోనులో పెడతారు, అది మంచిది కాదంటాడు. పట్టీ, బోను, తుపాకి. జార్జ్ ముందు ఆ లోకం పెట్టిన దారులు ఇవే. అన్నీ జంతువుల కోసం చేసిపెట్టుకున్నవే. కాబట్టి ఆ చావుకి నేను పూర్తిగా తలూపలేను, జార్జ్‌ని తప్పూ పట్టలేను. ఇక కర్లీ భార్య విషయంలో స్టైన్‌బెక్‌ని వెనకేసుకు రావడం కష్టం. కుక్కపిల్లతో పాటే గడ్డిలో పడున్న ఆమెకి నవల ఒక పేరైనా ఇవ్వలేదు.

అన్నట్టు, 1936లో ఈ నవల తొలిప్రతిని సగం దాకా నమిలి పారేసింది స్టైన్‌బెక్ పెంచుకున్న టోబీ అనే కుక్కపిల్ల. ఆయనకి కోపం వచ్చిందట గానీ, విమర్శకుడిగానే ఆ పని చేసిందేమో అని కూడా అనుకున్నాడట. రెండు నెలలు కూర్చుని మళ్లీ రాశాడు, 1937లో పుస్తకం వచ్చింది.

నా మనసు మాత్రం కాండీ దగ్గరే ఉండిపోయింది. కర్లీ భార్య శవం దగ్గర నిలబడి కూడా ఆ ముసలాడు జార్జ్‌ని అడుగుతాడు, ఆ నేల మనిద్దరం కొనుక్కోవచ్చు కదా అని. జవాబు తెలిశాక గడ్డిలో పడుకుని, మోచేత్తో కళ్లు కప్పుకుంటాడు. నవల జార్జ్ వెనకాల వెళ్లిపోతుంది. ఆ కుక్క బదులు స్లిమ్ పిల్లల్లో ఒకదాన్ని పెంచుకోమని కాండీకి చెప్పినవాళ్లున్నారు. ఆ పిల్ల కాండీ చేతికి రావడం మాత్రం నవలలో ఎక్కడా లేదు.

నాన్నకి కూడా అందరూ అదే చెప్తున్నారు, ఇంకో పిల్లని తెచ్చుకోండి అని. ఆయన ఊ కొడతాడు, సాయంత్రం అయిదింటికి ఒక్కడే వాకింగ్‌కి వెళ్తాడు. ఆ రోజు ఫోన్‌లో ఎవరూ లేరని ఆయనకి ఇంకా చెప్పలేదు నేను.