సముద్రతీర సన్న్యాసి: ప్రతి తీయుటలోని విద్య

తైలవర్ణ చిత్రలేఖనము నేర్వగోరువారు పూర్వుల చిత్రములకు ప్రతి తీయుట యూరపులో చిరకాలముగా నున్న పద్ధతి. ఇది విద్యయా, దాస్యమా యను వాదము మనవారిలోను వినవచ్చుచున్నది. నా యభిప్రాయమున ఆ ప్రశ్నయే సరిగా లేదు. ఏ చిత్రమునకు, అందులో దేనికి ప్రతి తీయుచున్నామని యడుగవలెను.

జర్మను చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ (1774–1840) రచించిన ‘సముద్రతీరమున సన్న్యాసి’ని గైకొందము. 1808లో నారంభింపబడిన యీ చిత్రము 1810లో బెర్లిను అకాడమీ ప్రదర్శనమున నుంచబడినది. ప్రష్యా రాజు దానిని కొనెను. నేడు బెర్లినులోని పాత జాతీయ చిత్రశాలలో నున్నది. ఎత్తు 110, వెడల్పు 171.5 సెంటీమీటర్లు. తెల్లని యిసుకతిన్నె, నల్లని నీరు, మనకు వీపు చూపి నిలిచిన చిన్న మనిషి; తక్కినదంతయు ఆకాశమే.

చెట్టు లేదు, ఓడ లేదు, ఇందులో కష్టమేమున్నదని విద్యార్థి తలచును. కాని పరారుణ కిరణములతో పరీక్షింపగా, చిత్రకారుడు మొదట ఓడలను గీసి, పిదప తొలగించినట్లు తేలినది. ఈ శూన్యము మొదటినుండి యున్నది కాదు, తీసివేసి సాధించినది. దానిని నేరుగా అనుకరించువానికి దక్కునది వట్టి గుడ్డ మాత్రమే. గంజాం తీరమున నా తరగతిలో నొక బాలుడు సన్న్యాసి ప్రక్కన నీటిపై పడవ నొకటి చేర్చెను. నేను తుడువుమనలేదు. తెరచాపను వీడి చూపు ఆకాశమున కెక్కుట లేదని వాడే గ్రహించి చెరిపెను. ఆ చెరుపుటయే పాఠము.

మరియొక చిక్కు కలదు. తైలచిత్రముపై పూసిన వార్నిషు కాలక్రమమున పసుపెక్కును. ఈ చిత్రమునకు 2013 మొదలు 2016 వరకు శుద్ధి జరిగి, రంగు మారిన పూత తొలగినది. అంతకు పూర్వపు అచ్చుబొమ్మ చూచి రంగులు కలుపువాడు ఫ్రీడ్రిక్ ఆకాశమునకు గాక వార్నిషునకు ప్రతి తీయుచున్నాడు! బ్రౌను దొర పండితులచే తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించి, పలు ప్రతులను సరిచూపించి పాఠములను నిర్ణయించెను. ఆ జాగ్రత్త బొమ్మలకును వలయును. ఒక్క అచ్చును నమ్మరాదు.

ఇక నూనె సంగతి. అవిసెనూనె నీటివలె ఆవిరియై యారదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున అడుగుపూతలో నూనె తక్కువగాను, పైపూతలో నెక్కువగాను ఉండవలెను. క్రమము తప్పినచో, పైపొర ముందుగా బిగిసి, అడుగుపొర కదలిక కోర్వలేక పగులును. ఆకాశమును పలుచని పూతలతో, ఒకటి యారిన పిదప మరియొకటిగా, దినములకొలది ఓర్పుతో నింపవలెను. మన పిల్లలు ఒక్క పూటలో టైటానియము తెలుపును మెత్తుదురు. అది యిరువదవ శతాబ్దమున వచ్చిన రంగు; అడుగుదానిని పూర్తిగా కప్పివేయును. ఫ్రీడ్రిక్ కాలపు తైలచిత్రకారుల తెలుపు సీసపు సఫేదా. అది విషము, బడిపిల్లల చేతి కీయదగినది కాదు. కావున రంగునకు రంగు సరిపోవు ప్రతి మనకు సాధ్యము కాదు. వెలుగుచీకట్ల తారతమ్యమునకు ప్రతి తీసిన చాలును.

కొలతను మాత్రము వదలరాదు. ప్రతి ప్రక్కను సగము చేసినచో వైశాల్యము నాల్గవవంతుకు దిగును. ఆకాశము చూచువాని కన్ను నిండదు, సన్న్యాసి గుంజవలె కనబడును. పెద్ద గుడ్డ కొనలేని బడులలో కాగితములను అంటించి, అసలు కొలతలో బొగ్గుతో ఆకాశమును ముందు గీయించవలెను. రంగుల పెట్టె ఆ పిమ్మట తెరువవచ్చును.