‘రైస్’ శబ్దము - వరి, వంజి: ఒక వ్యుత్పత్తి విచారము

ఆంగ్లమున ‘రైస్’, ఫ్రెంచిభాషలో ‘రీ’, ఇటాలియనులో ‘రీసో’, జర్మనులో ‘రైస్’, రష్యనులో ‘రీస్’ - ఐరోపాభాషలు పెక్కింట ఈ ధాన్యమునకు గల పేరు ఒక్కటే. వీనికి మూలము లాటిను ‘ఒరీజ’. దానికి మూలము గ్రీకు ‘ఒరూజ’. స్పానిషు ‘అర్రోస్’ కూడ ఈ కుటుంబములోనిదే కాని, అది అరబ్బుల ద్వారా వచ్చినది. అందలి మొదటి అకారము అరబ్బీ ‘అల్’ అను ఉపపదము యొక్క జాడ. గ్రీకులకు ఇది స్వదేశపు పంట కాదు. అలెగ్జాండరు దండయాత్రకు పిమ్మట థియోఫ్రాస్టసు తన వృక్షశాస్త్ర గ్రంథమున దీనిని భారతదేశపు పైరుగా వర్ణించెను. పంటతోపాటు పేరును తూర్పునుండియే పోయినదనుటలో వివాదము లేదు. తూర్పున ఎవరి నోటినుండి పోయినదనునదే విచార్యము.

గ్రీకుపదము తమిళ ‘అరిసి’ శబ్దభవమని కాల్డ్వెల్ పండితుడు తలచెను. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో వెలువరించిన ఆ మహనీయుని మాట గనుక, ఈ మతము చిరకాలము పాఠ్యగ్రంథములలో సిద్ధాంతమువలె నిలిచినది. దీనికి మూడాక్షేపణలు కలవు. మొదటిది కాలమునకు సంబంధించినది: తమిళదేశముతో యవనుల సముద్రవాణిజ్యము విరివియైనది క్రీస్తుశకారంభ ప్రాంతమున, గ్రీకుపదము అంతకు మూడు శతాబ్దములకు ముందే గ్రంథస్థమైనది. రెండవది ధ్వనికి సంబంధించినది: ‘అరిసి’ మొదటి అకారము గ్రీకున ఒకారమగుటకు కారణము కనబడదు. మూడవది అర్థమునకు సంబంధించినది: తమిళమున పైరునకును వడ్లకును ‘నెల్’ అని పేరు, ‘అరిసి’ దంచిన బియ్యము. థియోఫ్రాస్టసు వర్ణించినది పైరును. అయితే ఎరువు తెచ్చుకొన్న పదమున అర్థము వ్యాపించుట సహజమే కనుక ఈ మూడవ ఆక్షేపణ ఒంటిగా నిలువజాలదు. మొదటి రెండింటి బలముచేతనే అది గణనీయమగుచున్నది.

ఇక ఉత్తరాపథమును చూతము. ఋగ్వేదమున కానరాక అథర్వవేదమున కానవచ్చు ‘వ్రీహి’ శబ్దము సుప్రసిద్ధము. సంస్కృత హకారమునకు ఇరానుభాషలలో జకారము వచ్చుట నియతము. సంస్కృత ‘హస్త’మునకు అవెస్తా రూపము ‘జస్త’. కావున ‘వ్రీహి’కి సాటియగు ఇరానీరూపము ‘వ్రీజి’ వంటిదై యుండవలెను. నేటి పష్తో ‘వ్రిజె’, పారసీక ‘బిరింజ్’ ఈ ఊహను బలపరచుచున్నవి. అట్టి రూపమందలి వకారమును గ్రీకులు ఒకారముగా వినిరనుకొన్నచో ‘ఒరూజ’ సుకరముగ సిద్ధించును. గ్రీకులు పారసీక సామ్రాజ్యపు దారిన తూర్పునకు వచ్చిరన్న చరిత్రయు దీనికి అనుకూలమే. అందుచే ఐరోపాపదమునకు సాక్షాత్ మూలము ఇరానీభాష యనుట నేడు యుక్తతరము.

అయినచో తెలుగునకు ఇందు పాలు లేదా? ‘వరి’యే ‘రైస్’ అయినదని కొందరభిమానులు వ్రాయుచుందురు. ‘వరి’లో వకార రేఫములు కలవు, కాని గ్రీకుపదాంతమందలి జకారమునకు అందు ఆధారమేది? తెలుగు నిఘంటువులెన్ని తిరుగవేసినను ఆ హల్లు దొరకదు. అది దొరకునది లిపికి దూరముగా నుండిన భాషలలో. పెద్దపల్లి ప్రాంతమున మనము ‘వరి’ యన్నదానినే, గోదావరి కావల ఆదిలాబాదు సీమను తమ ఆటపట్టుగా గల గోండులు ‘వంజి’ యందురు. బస్తరు ప్రాంతపు పర్జీభాషలో ‘వెర్చి’, గదబలో ‘వర్చి’ యను రూపములు కలవు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984 నాటి ద్వితీయ ముద్రణలో వీనిని ‘వరి’తో జేర్చి, ‘అరిసి’ని వేరొక ఆరోపమున నుంచినది. పర్జీ, గదబలు రేఫమును నిలుపుకొన్నవి. గోండి అనునాసికమును నిలుపుకొన్నది. తెలుగు మొదటి భాగమును మాత్రమే నిలుపుకొన్నది. మూటిని కలిపి చూచినపుడు ‘వరించి’ వంటి మూలరూపము ఊహ్యమగును. సౌత్‌వర్తు మొదలగువారు ఇట్టి రూపమునే ప్రతిపాదించిరి. పారసీక ‘బిరింజ్’ పదమందలి అనునాసికముతో గోండి ‘వంజి’ని పోల్చి చూడుట ఆసక్తికరము.

ఇంతమాత్రమున ద్రావిడమే మూలమని విజయఘోష చేయరాదు. ‘వరించి’ ఇండో-ఇరానీభాషలకు పోయినదా, లేక రెండు కుటుంబములును వేరొక ప్రాచీనభాషనుండి దీనిని గ్రహించినవా యను ప్రశ్న నేటికిని తీరలేదు. రెండవ పక్షమునకును సమర్థులగు వాదులు కలరు. తేలినదింతే: ‘అరిసి’ వాదము దుర్బలము, ‘వరి’ వాదము అసంపూర్ణము, ‘వంజి’, ‘వెర్చి’ లేక విచారము ముందునకు సాగదు.

మన పరిశోధనమున ఒక అలవాటు పాతుకొన్నది. పదచరిత్ర యనగా కావ్యప్రయోగములను, శాసనప్రయోగములను ఏర్చి కూర్చుట యని తలంతుము. గ్రంథములేని భాషను సాక్షిగా పిలువము. పిలిచినను, దాని పదము మన పదమునకు అపభ్రష్టరూపమని తీర్పుచెప్పి పంపివేయుదుము. ఇచ్చట జరిగినది దానికి విపరీతము. వేయేండ్ల వాఙ్మయముగల తెలుగు పోగొట్టుకొన్న హల్లును, ప్రధానముగ నోటనే నిలిచిన గోండి దాచియుంచినది. గోండిని తెలుగునకు చెల్లెలిగా, సమానసాక్షిగా ఎన్నిననే గాని మన మాట చరిత్ర మనకే తెలియదు.

నేడు గోండుల బడులలో, బజారులలో ఇరుగుపొరుగు పెద్దభాషల పలుకుబడి హెచ్చు. ‘వంజి’ స్థానమున ‘వరి’ చేరుటకు ఎంతో కాలము పట్టకపోవచ్చును. కరీంనగరు, ఆదిలాబాదు సీమల విద్యార్థులకు ఈ పని చేరువ. పైరు, గింజ, పొట్టు, తవుడు, గంజి, దంపుడు - ఒక్క పంటకు సంబంధించిన పదములను గోదావరి రెండు గట్టులను సేకరించి, ఏ ఊర ఏ రూపము, ఏ రూపమునకు ఏ అర్థము అని గుర్తించినచో, దూరదేశపు పెద్ద నిఘంటువులును వేచియున్న సామగ్రి సమకూరును. ఐరోపావారి నోట మన మాట ఉన్నదా యని సంతసించుటకంటె, ఏటి కావలి నోటనున్న మాటను వినుట మనకు ముందు కర్తవ్యము.