సిస్టర్ పేరు మీద కూడా ఒక పాలసీ

విజయవాడ - బందరు రోడ్డులో గుడివాడ దారి, కూచిపూడి మీదుగా వచ్చే దివిసీమ దారి పామర్రు దగ్గరే కలుస్తాయి. అందుకే ఇక్కడి నర్సింగ్ హోముల్లో రాత్రిపూట ఎటునుంచి ఏ కేసు వస్తుందో చెప్పలేం. పాము కరిచిన కూలీ కావచ్చు, నొప్పులు పడుతున్న తల్లి కావచ్చు. ముందు చూసేది స్టాఫ్ నర్సే. డాక్టరుగారు ఫోన్లో మందు చెబుతారు, మేం ఎక్కిస్తాం. ఆయన చెప్పిన మాటకు కాగితం ఉండదు, ఇంజెక్షన్ చేసిన చెయ్యిని మాత్రం అందరూ చూస్తారు.

ఈ వృత్తిలో ఇంతకాలం ఉన్నాక నా అభిప్రాయం ఒకటే. ప్రతి నర్సుకూ సొంతంగా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే పనిలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా, ఉండాలి.

"ఆసుపత్రికి ఉందిగా మేడమ్, మళ్లీ మనకెందుకు?" అని కొత్తగా చేరిన అమ్మాయిలు అడుగుతారు. అందులో నిజం లేకపోలేదు. ఢిల్లీ స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రిలో నర్సు చేసిన తప్పుడు ఇంజెక్షన్ వల్ల ఒక పసివాడి మెదడు దెబ్బతింది. ఆసుపత్రిదే బాధ్యత అని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం మొత్తం 17.5 లక్షలు. అయితే ఆసుపత్రి డబ్బు కట్టినంత మాత్రాన నర్సుకు రక్షణ దొరికినట్టు కాదు. యాజమాన్యం పెట్టుకున్న వకీలు యాజమాన్యం తరఫునే వాదిస్తాడు. "మేం చెప్పింది ఒకటి, సిస్టర్ చేసింది ఒకటి" అని వాళ్లు చేతులు దులుపుకుంటే ఆమె పక్షాన నిలబడేది ఎవరు?

ఇంకో చిక్కుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. ఈలోగా ఆ నర్సు విజయవాడకో గల్ఫ్‌కో వెళ్లిపోయి ఉంటుంది. ఈ పాలసీలు మామూలుగా అమల్లో ఉన్నప్పుడు వచ్చిన క్లెయిముకే వర్తిస్తాయి. పాత ఆసుపత్రి తన పాలసీని రెన్యూవల్ చేసిందో లేదో ఆమెకెలా తెలుస్తుంది?

చట్టం కూడా మా మీదే బరువు ఎక్కువ పెట్టింది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం చికిత్సలో నిర్లక్ష్యం వల్ల రోగి చనిపోతే డాక్టరుకు గరిష్ఠంగా రెండేళ్ల జైలు. ఆ మినహాయింపు రిజిస్టరైన డాక్టర్లకే. నర్సుకు వర్తించేది అందరికీ ఉన్న ఐదేళ్ల శిక్షే. జైలును ఏ బీమా తప్పించలేదు. కానీ కోర్టు ఖర్చు భరించే పాలసీ ఉంటే పుస్తెలు తాకట్టు పెట్టే అవసరం రాదు. బ్రిటన్‌లో 2014 నుంచి ఇండెమ్నిటీ ఏర్పాటు లేకుండా నర్సు పని చేయడానికే వీల్లేదు.

మా జీతాలెంతో యాజమాన్యాలకు తెలుసు. ప్రీమియం మీరు కట్టండి, పాలసీ మాత్రం నర్సు పేరు మీద తీయండి. చెల్లెళ్లూ, చేరేరోజే అడగండి: ఆసుపత్రి పాలసీలో నా పేరుందా? వకీలు ఫీజు ఇస్తారా? మానేశాక వచ్చే కేసుకు వర్తిస్తుందా? నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకండి. ఫోన్లో చెప్పిన ప్రతి మందునూ టైముతో సహా కేస్ షీట్‌లో రాసి, తెల్లారాక డాక్టరుగారి సంతకం తీసుకోండి. పాలసీ ఉన్నా లేకపోయినా ఈ పని మానకండి.