పెళ్ళి గడిలో కలిసిపోయిన వలస

2007-08లో జాతీయ నమూనా సర్వే వలసల లెక్క తీసింది. పల్లెల్లోని వలస స్త్రీలలో నూటికి 91 మంది పెళ్ళి వల్లే ఊరు మారారని తేల్చింది. ఊరు ఎందుకు మారావంటే ఒక్క కారణమే రాసుకునే ఫారం అది. పెళ్ళయి అత్తగారి ఊరొచ్చి, అక్కడినుంచి ఏటా కూలికి పోయే ఆడమనిషి కూడా పెళ్ళి గడిలోనే పడుతుంది.

ఈ గడిని నిలదీసిన పరిశోధకుల్లో ఇంద్రాణి మజుందార్ ముఖ్యురాలు. ఢిల్లీలోని మహిళా అభివృద్ధి అధ్యయన కేంద్రంలో పనిచేశారు. ప్రపంచీకరణలో మహిళా కార్మికుల స్థితి మీద 2007లో పుస్తకం తెచ్చారు. తర్వాత ఎన్. నీత, ఇందు అగ్నిహోత్రిలతో కలిసి, అనేక రాష్ట్రాల్లో జరిపిన సర్వే ఆధారంగా 2013లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వ్యాసం రాశారు. కొన్ని నెలలు పోయి తిరిగొచ్చే కూలి వలసల్లో ఆదివాసీ, దళిత స్త్రీలే ఎక్కువని అందులో చూపారు. వలసంటే బాగుపడటమే అనేవాళ్ళకు ఇది గట్టి జవాబు.

మాకు ఆమె పనిలో అన్నిటికన్నా విలువైనది జోడీ కూలిని పట్టించుకోవడం. ఇటుక బట్టీలో, చెరుకు నరకడంలో ఆలుమగలిద్దరినీ కలిపి ఒక్క లెక్కగా పెట్టుకుంటారు. అడ్వాన్సు మగవాడి చేతికి, కూలి వెయ్యి ఇటుకలకో టన్నుకో ఇంతని. ఆమె చేతికి విడిగా పైసా రాదు. మహారాష్ట్రలో ఆ జంటను కొయతా అంటారు. అది చెరుకు నరికే కత్తి పేరు! ఒడిశాలోని బలంగీర్, నువాపాడాల నుంచి మన బట్టీలకొచ్చే కుటుంబాలదీ ఇదే కథ.

కానీ ఎస్టీ అనే ఒక్క వరుసతో మాకు పేచీ ఉంది. కోయ, కొండరెడ్డి, లంబాడా అందరూ అందులో ఒకటే అంకె. ఛత్తీస్‌గఢ్ నుంచి ములుగు, ఖమ్మం మిరప చేలకొచ్చి ఇక్కడే గుడిసె వేసుకున్న గుత్తికోయ స్త్రీకి తెలంగాణలో ఎస్టీ సర్టిఫికెట్టే ఇవ్వరు. ఆమెను ఏ వరుసలో వెతకాలి?

ఇంకో చిక్కు. సర్కారు సర్వే నెలకు తక్కువ పోయినవాళ్ళను స్వల్పకాల వలసలో చేర్చలేదు. పదిహేను రోజులు నాట్లకు పోయొచ్చే మన అక్కలు అసలు వలసే పోనట్టు!

టీచర్లు తలచుకుంటే దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. బడిలో హాజరు పట్టీ ఉంది. మిరప కోతల నెలల్లో ఏ పిల్లలు రాలేదో, ఎవరి వెంట ఏ ఊరు పోయారో, ఎన్ని రోజులున్నారో పక్కన రాసిపెట్టండి. వాళ్ళు తిరిగొచ్చాక కూలి ఎవరి చేతికిచ్చారో తల్లినే అడగండి.