డిప్ రాడ్ పట్టిన చెయ్యి

2024 జనవరి 2, మంగళవారం. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో ఒకరి ప్రాణం తీసి పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలన్న భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్‌ను వ్యతిరేకిస్తూ లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లోనూ, జిల్లాల్లోనూ బంకుల ముందు బారులు. ఆ రాత్రే ఢిల్లీ చర్చలతో సమ్మె ఆగింది. జూలై 1న సంహిత అమల్లోకొచ్చినా ఆ సెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టారు.

అందరూ క్యూల గురించే చెప్పుకున్నారు. నేను చెప్పదలచింది బంకులో పనిచేసేవాళ్ల పనితనం గురించి. రోజూ వంద రూపాయలకు కొట్టించుకునే బండి అలాంటి రోజున ఫుల్ ట్యాంకు అడుగుతుంది. రోజులపాటు రావాల్సిన సరుకు పూటలో ఖాళీ. నిజామాబాద్, బోధన్ వైపు జనవరి అంటే యాసంగి నాట్ల కాలం. దమ్ము చేసే ట్రాక్టరుకు డీజిల్ కావాలి. 2015 చివర్లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఆ చుట్టుపక్కల మిగిలిన కాస్త చెరకు కూడా దూరపు ఫ్యాక్టరీకి బండెక్కాల్సిందే. నరికిన చెరకు ఆగితే తూకం తగ్గుతుంది. అందుకే ఇక్కడ తొందర ఉత్త భయం కాదు.

ఇంత ఒత్తిడిలోనూ డిప్ చూసే, అంటే రాడ్‌తో ట్యాంకులో సరుకు కొలిచే మనిషి చెయ్యి తడబడకూడదు. రాడ్ కొసకు నీటిని పట్టే పేస్టు పూసి, నిలువుగా, అడుగు తగిలేదాకా మెల్లగా దించుతాడు. పైకి తీసి తడి ఎక్కడిదాకా ఉందో చూసి చార్టులో లీటర్లు లెక్కగడతాడు. భూమిలోని ట్యాంకు పడుకోబెట్టిన పీపాలా గుండ్రం. నడుమ ఒక సెంటీమీటరు తగ్గితే పోయే లీటర్లు వేరు, అడుగున తగ్గితే పోయేవి వేరు. పేస్టు రంగు మారిందంటే నీళ్లున్నట్టే. చెరకు మడ్డి నుంచీ తీసే ఇథనాల్ ఇప్పుడు పెట్రోల్‌లో కలుస్తోంది. నీళ్లు తగిలితే అది పెట్రోల్‌ను వదిలి నీటితో పాటు అడుగుకు దిగిపోతుంది. అడుగున కొంత సరుకును మోటారు అందుకోదు, అందుకోకూడదు కూడా. అది తెలియక, "స్టాక్ లేదు" బోర్డు పెట్టినవాళ్లను దాచారని తిట్టడం అన్యాయం.

నాకు మరీ గౌరవం కలిగేది ట్యాంకర్ వచ్చినప్పుడు. జనం అరుస్తుంటారు. బంకువాళ్లు ముందు ఎర్త్ క్లిప్ తగిలిస్తారు, సీళ్లు చూస్తారు, సరుకు కుదుటపడేదాకా ఆగుతారు. శాంపిల్‌ను గాజు జాడీలోకి తీసి హైడ్రోమీటర్, థర్మామీటర్ ముంచుతారు. వచ్చిన సాంద్రతను 15 డిగ్రీలకు సవరించి చలాన్‌లోని అంకెతో పోలుస్తారు. ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే, క్యూ ఎంత పొడుగున్నా సరే, ఆ సరుకు దించరు. తేడా లేదని తేలాకే గొట్టం బిగిస్తారు.