గాలి మీద కోపం

పోయిన ఆదివారం బందరు బస్టాండులో చేగోడీల ప్యాకెట్టు కొన్నాను. దిండులా ఉబ్బి ఉంది. చింపితే అడుగున గుప్పెడు చేగోడీలు. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత గొడవ తెలుసు. గాలికి కూడా ధర కట్టి అమ్ముతున్నారని ఇప్పటికే చాలాసార్లు మొత్తుకున్నాను. ఈసారి పక్కన మా అన్నయ్య కొడుకు ఉన్నాడు. కెనడాలో ఓ గంజాయి కంపెనీలో ప్యాకింగ్ చూస్తాడు. ఎవరైనా అడిగితే మా వదిన 'మందుల కంపెనీ' అని చెబుతుంది.

"బాబాయ్, అది గాలి కాదు, నైట్రోజన్. మేం గంజాయి డబ్బాల్లోకీ అదే కొడతాం" అన్నాడు.

అక్కడ 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి దర్జాగా బిల్లు ఇచ్చి అమ్మే సరుకు. ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, పట్టుబడితే జైలే. మన్యం నుంచి బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలుగా, కూరగాయల లోడు కింద నక్కి దిగుతుంది. ఆ టేపు వాసన బయటికి రాకుండా చుట్టేదే తప్ప సరుకు మీద ప్రేమతో కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని ఒక్కసారే తగలబెట్టారు. అదే ఏడాది మథురలో, పట్టుకుని దాచిన 500 కిలోల పైచిలుకు సరుకును ఎలుకలు తినేశాయని పోలీసులు కోర్టుకు విన్నవించుకున్నారు. మన దేశంలో గంజాయి నిల్వ శాస్త్రం అక్కడిదాకా వచ్చి ఆగింది.

వాడు చెప్పిన పద్ధతి మాత్రం శ్రద్ధగా విన్నాను. కోసిన పూమొగ్గల్ని చీకటి గదిలో నిదానంగా ఆరబెడతారు. తర్వాత గాజు సీసాల్లోకి ఎత్తి మూత పెడతారు. మొదట్లో రోజూ మూత తీసి, కాసేపుంచి, మళ్ళీ బిగిస్తారు. పువ్వు నడిమిలో మిగిలిన చెమ్మ పైకొస్తుంది, పచ్చిగడ్డి వాసన పోతుంది. దానికి వారాలు పడుతుంది. గ్యాసు పని ఆ తర్వాతే. మత్తునిచ్చే టీహెచ్‌సీకి ఆక్సిజన్ తగిలితే నెమ్మదిగా సీబీఎన్ అనే మరో పదార్థంగా మారి మత్తు పలచబడుతుంది. అందుకని ఆక్సిజన్‌ను వెళ్ళగొట్టి ఆ చోట్లో నైట్రోజన్ నింపుతారు. డబ్బున్నవాళ్ళు ఆర్గాన్ వాడతారట. అది గాలికంటే బరువు, కిందికి దిగి సరుకును కప్పుతుంది.

"ఆ వారాలెందుకు, మొదటిరోజే గ్యాసు కొట్టేయొచ్చుగా?" అన్నాను.

"చెమ్మ లోపలే ఉండిపోయి పులిసిన కంపు కొడుతుంది బాబాయ్. గ్యాసు సరుకును ఉన్నదున్నట్టు నిలబెడుతుంది, అంతే. మాగబెట్టదు."

ఆర్గాన్ పేరు వినగానే నా బుర్ర మరో దారి పట్టింది. దీన్ని 1894లో ర్యాలే, రామ్సే అనే ఇద్దరు పట్టుకున్నారు. మనం పీల్చే గాలిలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. మరుసటి ఏడాది అదే రామ్సే ఓ ఖనిజంలోంచి హీలియం తీశాడు. కానీ హీలియం అంతకు ముందే ఆకాశంలో కనబడింది. ఎక్కడినుంచి చూశారనేదే నా బాధ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో దుర్భిణి బిగించాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మన బందరు వచ్చాడు. నక్షత్రాల వెలుగును కొలిచే లెక్కను 1856లో కట్టినవాడు, ఇవాళ్టికీ ఖగోళంలో వాడేది ఆ లెక్కే. గ్రహణం పట్టగానే సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును గాజు పట్టకంలోంచి విడదీసి చూస్తే ఓ పసుప్పచ్చ గీత కనబడింది. సోడియం గీత ఉండే చోటికి దగ్గర్లోనే ఉంది. సరిగ్గా అదేనని పోగ్సన్ ఖాయంగా అనలేకపోయాడు. ఆ అక్టోబరులో లండన్ నుంచి లాకియర్ గ్రహణం లేకుండానే అదే గీతను పట్టి, ఆ తర్వాత భూమ్మీద ఎరగని కొత్త మూలకమని వాదించి పేరు పెట్టేశాడు.

ఇప్పుడు హీలియం అనగానే గుంటూరు పేరు చెబుతారు. మిరపకాయలు చాలనట్టు ఇది కూడా వాళ్ళకేనా? పోగ్సన్ వచ్చేనాటికి బందరు ఎలాంటి బందరు! 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయి నాలుగేళ్ళయినా నిండలేదు. అలాంటి ఊళ్ళో నిలబడి ఓ మనిషి జడవాయువు జాడ చూశాడంటే కోనేరు సెంటర్లో కనీసం ఒక పలకైనా పెట్టొద్దూ? తొక్కుడు లడ్డుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నవాళ్ళం, ఇది మనకు లెక్కా?

సరే, గాలి దగ్గరికి వద్దాం. మెట్ట సీమల్లో జొన్నలు పాతరలో పోసి మట్టితో మూసేవారు. లోపలి గింజలూ పురుగులూ ఊపిరి పీల్చి ఆక్సిజన్‌ను అవే కాజేస్తాయి. మిగిలేది బొగ్గుపులుసు గాలి, అందులో పురుగు బతకదు. మనిషీ బతకడు, అందుకే పాతర తెరిచాక ముందు దీపం దింపి చూసేవారు. సిలిండరు లేదు, మీటరు లేదు. మన డెల్టాలో మాత్రం ఆ పప్పులుడకవు. రెండు మూరలు తవ్వితే నీళ్ళు. అందుకే మనవాళ్ళు నేలమీదే ఎండుగడ్డి పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి పురి కట్టారు. పురికి గాలాడుతుంది. తుపానుకు తడిసి తడిసి వచ్చే ధాన్యానికి అదే దిక్కు. తడి గింజను గాలాడకుండా మూస్తే వారం తిరక్కుండా ముక్కిపోతుంది. ఆవకాయకు నూనె పైకి తేలాలని మా నాయనమ్మ ప్రాణం తీసేది, జాడీకి వాసెన తనే కట్టేది. అదీ ఆక్సిజన్‌ను ఆపే ఉపాయమే. కానీ ముక్కలు తుడిచి ఆరబెట్టకుండా జాడీ దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు.

ఇక్కడిదాకా వచ్చాక, గ్యాసెందుకు జాడీ చాలదా అని ముగించేద్దామనే అనుకున్నాను. మావాడు ఫోన్లో ఓ పాత పరిశోధన తీసి చూపించాడు. 1976లో ఇంగ్లండులో ఫెయిర్‌బెర్న్ బృందం గంజాయిని రకరకాలుగా నిల్వ చేసి చూసింది. సత్తువను అన్నిటికంటే ఎక్కువగా చంపింది వెలుతురు. గాలి దాని తర్వాతే. జాగ్రత్తగా ఆరబెట్టి, చీకట్లో పెడితే మామూలు గది వేడిలో కూడా ఏడాది, రెండేళ్ళు బాగానే నిలిచింది. నెయ్యికీ నూనెకూ ఇదే వరస. వెలుగు పడితే కంపు తొందరగా ఎక్కుతుంది.

అంటే ఇన్నేళ్ళూ నేను తిట్టిన ఆ ఉబ్బిన ప్యాకెట్టు, లోపల వెండి పూతతో, వెలుతురునీ ఆక్సిజన్‌నీ రెండింటినీ ఆపుతోంది. చేగోడీ నలగకుండా కూడా కాస్తోంది. దాన్ని ఇక వదిలేస్తాను, తూకం తక్కువైతే మాత్రం అడుగుతాను. నా తగువు ఇప్పుడు లోపలిది కనబడాలని ప్యాకెట్టుకు పారదర్శకంగా కిటికీ పెట్టినవాడితో. అంతకంటే పెద్ద తగువు బందరు మిఠాయి కొట్లతో. నెయ్యి కారే తొక్కుడు లడ్డును అద్దాల బీరువాలో, నెత్తిన ట్యూబులైటు పెట్టి, పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చోబెడతారు. కెనడాలో 2018లో చట్టం తెచ్చినప్పుడు గంజాయి డబ్బాలోంచి సరుకు బయటికి కనబడకూడదని నిబంధన పెట్టారు. పిల్లల కళ్ళు పడకూడదని పెట్టిన నిబంధన అది, అయినా 2025లో దాన్ని సడలించేదాకా సరుక్కి చీకటి దక్కింది. మన లడ్డుకు ఆ భాగ్యం కూడా లేదు. ఈ మాట ఓ కొట్టాయనతో అంటే "కనబడకపోతే ఎవరు కొంటారండీ?" అన్నాడు. ఆయనకు జవాబు వచ్చే వారం.